ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఎవరిది?

చీరాలకు దగ్గరలో, సముద్రపు ఒడ్డున మోటుపల్లి అనే ఊరుంది. ఇవాళ వెళ్తే మామూలు పల్లె. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట అది తూర్పు తీరంలో పేరుమోసిన రేవు. వెనిస్ యాత్రికుడు మార్కోపోలో కూడా తన పుస్తకంలో దాని ఊసెత్తాడు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక రాతిస్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. దాన్ని అభయ శాసనం అంటారు.

ఆ అభయం సముద్రం మీద వచ్చే వర్తకులకు. ఏ దేశం వాళ్ళో, ఏ భాష వాళ్ళో తెలియని పరాయివాళ్ళకు. శాసనం మొదట పాత అన్యాయాన్ని దాచకుండా చెబుతుంది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు తుపానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ఇక మీదట అలా జరగదని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్ళ సొమ్ము వాళ్ళదే, నిర్ణయించిన సుంకం కడితే చాలన్నాడు. ఎగుమతి అయినా దిగుమతి అయినా ముప్పై పాళ్ళకు ఒక పాలు. చందనం, కర్పూరం, దంతం, రాగి, పగడాలు, మిరియాలు... ఏ సరుక్కి ఎంతో కూడా రాతి మీదే చెక్కించాడు. అధికారి మారినా, రాజు మారినా అంకె మారకూడదు కదా.

ఊరికే ఒడ్డుకు వచ్చిపడిన సంపదను ఓ రాజు ఎందుకు వదులుకున్నాడు? కీర్తి కోసం, ధర్మం కోసం అని శాసనం అంటుంది. అది నిజమే కావచ్చు. దాని పక్కన ఇంకో లెక్క కూడా ఉంది. ఈ ఏడు పగిలిన ఓడను దోచుకుంటే వచ్చే ఏడు ఆ రేవు మొహం ఎవరూ చూడరు. పరాయి తీరంలో మనవాళ్ళ ఓడ పగిలినప్పుడు అక్కడి రాజు చేతులు కట్టేసే మాట మన దగ్గరా ఉండదు. నా దృష్టిలో అంతర్జాతీయ న్యాయం మొలకెత్తిన చోటు ఇదే: నువ్వు నా ఒడ్డున పడితే నేను ఏం చేస్తానో, నేను నీ ఒడ్డున పడినప్పుడు నువ్వూ అదే చెయ్యి. దీని మీద పుస్తకాలు తర్వాతెప్పుడో వచ్చాయి.

గణపతిదేవుడిది ఇద్దరు రాజులు కూర్చుని రాసుకున్న ఒప్పందం కాదు, ఒక రాజు తనంత తానుగా లోకానికి ఇచ్చిన మాట. అలాంటి మాటకు చట్టంలో విలువ ఉంటుందా అని ఎవరైనా అడగొచ్చు. 1974లో ఇదే ప్రశ్న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు వచ్చింది. పసిఫిక్ సముద్రం పైన గాలిలో అణుపరీక్షలు ఆపేస్తామని ఫ్రాన్స్ బహిరంగంగా ప్రకటించింది. కట్టుబడి ఉండాలన్న ఉద్దేశంతో ఒక దేశం పదిమందిలో చెప్పిన మాట ఆ దేశాన్ని కట్టేస్తుందని, ఎదుటివాళ్ళ సంతకం అక్కర్లేదని కోర్టు తేల్చింది. మోటుపల్లి రాయి చేసిన పనీ అదే.

రాయి కన్నా ముందు కథల్లోనే ఈ న్యాయం మనకు తెలుసు. సుందరకాండలో హనుమంతుణ్ణి చంపమని రావణుడు ఆజ్ఞ ఇస్తాడు. దూతను చంపకూడదని విభీషణుడు అడ్డుపడతాడు. రావణుడంతటివాడు ఆగుతాడు. ఆగి, చంపకుండా తోకకు నిప్పు పెట్టిస్తాడు. చిన్నప్పుడు మనం ఆ తోక కోసం ఆ కథ వింటాం. పెద్దయ్యాక చూస్తే అందులో ఒక చట్టం కనిపిస్తుంది. బలవంతుడు కూడా నియమాన్ని బాహాటంగా కాలరాయడానికి జంకుతాడు, దానిలోనే ఏదో సందు వెతుక్కుంటాడు. నియమానికి బలం ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కౌటిల్యుడి అర్థశాస్త్రమూ దూత అవధ్యుడే అంటుంది. రాయబారుల రక్షణ మీద 1961లో వియన్నాలో కుదిరిన ఒప్పందం ఈ పాత నియమానికే అక్షరరూపం.

ఇద్దరు సమానులు రాసుకున్న సంధి పత్రాల్లో బాగా పాతది, మనం ఇవాళ కళ్ళారా చూడగలిగింది, ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. అది మట్టి పలక. ఈజిప్టు ఫారో రెండో రామెసెస్, హిట్టైట్ల రాజు మూడో హట్టుసిలి క్రీస్తు పూర్వం 1259 ప్రాంతంలో చేసుకున్న ఒడంబడిక అందులో ఉంది. అంతకు ఓ పదిహేనేళ్ళ ముందు కాదేష్ దగ్గర ఇరుపక్షాలూ భీకరంగా తలపడ్డాయి. పలక హిట్టైట్ల రాజధాని శిథిలాల్లో 1906లో బయటపడింది. ఈజిప్టు ప్రతి కర్నాక్ గుడి గోడ మీద చెక్కి ఉంది. ఒకరి మీద ఒకరు దండెత్తకూడదు, మూడోవాడు ఎవరి మీదకు వచ్చినా రెండోవాడు సాయానికి రావాలి అని రాసుకున్నారు. పారిపోయి వచ్చినవాళ్ళను తిప్పి పంపాలన్న షరతూ ఉంది. దాని పక్కనే నన్ను ఆపేసిన మాట ఒకటి ఉంది: అలా తిప్పి పంపినవాడి కళ్ళు, నోరు, కాళ్ళు ముట్టకూడదు, వాడి ఇంటినీ భార్యాబిడ్డలనూ నాశనం చెయ్యకూడదు. మూడు వేల రెండు వందల ఏళ్ళ కిందట ఇద్దరు చక్రవర్తులు ఒక పేరులేని పరారీ మనిషి కళ్ళ గురించి ఆలోచించారు. సంధికి సాక్షులుగా వెయ్యిమంది దేవతలను పిలిచారు. పై కోర్టు లేని చోట ప్రమాణానికి దేవుళ్ళే దిక్కు. ఆ పలక నకలు ఇవాళ న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం గోడ మీద వేలాడుతోంది.

మాట ఇస్తే నిలబెట్టుకోవాలి. ఈ శాస్త్రంలో పునాదిరాయి ఇదొక్కటే అనుకున్నా పెద్ద తప్పు లేదు. 1969 నాటి వియన్నా సంధుల ఒప్పందం 26వ అధికరణం చెప్పేదీ ఇదే: అమల్లో ఉన్న ప్రతి ఒడంబడికా దాని పక్షాలను కట్టేస్తుంది, దాన్ని చిత్తశుద్ధితో నెరవేర్చాలి. మన రాజ్యాంగం 51వ అధికరణం కూడా ఒడంబడికల పట్ల గౌరవం పెంపొందించమని ప్రభుత్వానికి చెబుతుంది.

ఇక ఈ న్యాయానికి శాస్త్రరూపం ఎలా వచ్చిందో చూద్దాం. దానికీ ఒక ఓడే కారణం.

1603 ఫిబ్రవరి 25. సింగపూర్ దగ్గరి నీళ్ళలో డచ్చి కెప్టెన్ యాకోబ్ వాన్ హేమ్‌స్కెర్క్ పోర్చుగీసు వాళ్ళ సాంతా కతరీనా అనే పెద్ద ఓడను పట్టుకున్నాడు. నిండా చైనా పట్టు, పింగాణీ. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ సరుకు వేలం వేస్తే ముప్పై లక్షల గిల్డర్లకు పైనే వచ్చింది. ఓడ చిక్కేనాటికి డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టి ఏడాదే. డబ్బు బాగుంది కానీ మనసు కుదుటపడలేదు. ఇది దోపిడీ సొమ్ము, మాకొద్దు అన్న వాటాదారులు కూడా ఉన్నారు. తమ పని న్యాయమేనని నిరూపించమని కంపెనీ ఒక కుర్ర వకీలును పట్టుకుంది. అతను డెల్ఫ్ట్‌లో 1583లో పుట్టిన హ్యూగో గ్రోషియస్. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు.

పోర్చుగీసుల వాదన వేరు. 1494లో స్పెయిన్, పోర్చుగల్ తోర్దెసియాస్ అనే ఊళ్ళో కూర్చుని యూరప్ అవతలి లోకాన్ని గీత గీసి పంచుకున్నాయి. పోపు ఆశీస్సులున్నాయి కాబట్టి తూర్పు సముద్రం మాది, మా కర్తాజ్ అనే పర్మిట్ లేకుండా ఎవడి ఓడ కనిపించినా పట్టుకుంటాం అనేవారు. మన తీరపు వర్తకులు ఆ పర్మిట్ల బాధ పడ్డవాళ్ళే. గ్రోషియస్ కంపెనీ కోసం పెద్ద గ్రంథమే రాశాడు. అందులోంచి ఒక అధ్యాయం తీసి 1609లో పేరు లేకుండా చిన్న పుస్తకంగా వేశారు. స్వేచ్ఛా సముద్రం అని దాని పేరుకు అర్థం. మిగతా రాతప్రతి రెండున్నర శతాబ్దాలు ఎవరి కంటా పడకుండా ఉండి 1864లో బయటికొచ్చింది.

ఆ చిన్న పుస్తకం చెప్పేదేమిటంటే, సముద్రం గాలిలాంటిది, దానికి కంచె వెయ్యలేం. ఒకడు వాడుకున్నంత మాత్రాన ఇంకొకడికి తరిగిపోదు. కాబట్టి అది ఎవరి సొత్తూ కాదు. ఇంకో మాట కూడా గట్టిగా అన్నాడు: తూర్పు దేశాల రాజులు క్రైస్తవులు కాకపోయినా తమ నేలకు తామే ప్రభువులు, వాళ్ళ రాజ్యాన్ని పోపు ఎవరికో దానమివ్వలేడు. ఎప్పటినుంచో జనానికి తెలిసిన దేశాన్ని కొత్తగా కనిపెట్టామనడం చెల్లదు.

ఇక్కడ మన తీరాన్ని తలుచుకోవాలి. గ్రోషియస్ ఈ మాటలు రాస్తున్న సమయంలోనే డచ్చివాళ్ళు మచిలీపట్నంలో దిగారు. 1605లో అడుగుపెట్టి, గోల్కొండ సుల్తాను అనుమతి తెచ్చుకుని, సుంకాల దగ్గర బేరం కుదుర్చుకుని వర్తకస్థావరం పెట్టుకున్నారు. అంటే తూర్పు రాజులు స్వతంత్రులని గ్రోషియస్ పుస్తకంలో వాదించే వేళకే అతని కక్షిదారులు ఆ రాజుల్లో ఒకరి దర్బారులో తలవంచి అర్జీ పెట్టుకున్నారు. 1950ల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయం బోధించిన చార్లెస్ అలెగ్జాండ్రోవిచ్ ఈ సంగతి మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. యూరప్‌వాళ్ళు రాకముందే హిందూ మహాసముద్రంలో ఓడలు స్వేచ్ఛగా తిరిగే ఆచారం ఉందని, గ్రోషియస్ ఆలోచన వెనుక ఆ ఆచారం కూడా ఉందని ఆయన 1967 నాటి పుస్తకంలో వాదించాడు. న్యాయశాస్త్ర చరిత్ర యూరప్‌లో మొదలై అక్కడే ముగుస్తుందని చదువుకున్న మన విద్యార్థులకు ఈ పుస్తకం తప్పక చూపించాలి.

గ్రోషియస్ జీవితం అంత సుఖంగా సాగలేదు. మత రాజకీయాల్లో చిక్కి 1619లో యావజ్జీవ ఖైదు పడింది. లూవెస్టైన్ కోటలో పెట్టారు. అతని కోసం పుస్తకాలు పెట్టెలో వస్తూ పోతూ ఉండేవి. మొదట్లో పెట్టె తెరిచి చూసిన కాపలావాళ్ళు రానురాను చూడటం మానేశారు. భార్య మరియా అది గమనించింది. 1621 మార్చిలో ఒకరోజు పుస్తకాల బదులు మొగుణ్ణే ఆ పెట్టెలో పెట్టి బయటికి పంపింది. పారిస్ చేరుకున్న గ్రోషియస్ 1625లో యుద్ధం, శాంతి న్యాయం మీద మహాగ్రంథం అచ్చువేశాడు. యూరప్ అప్పుడు ముప్పై ఏళ్ళ యుద్ధంలో మండిపోతోంది. ఆటవికులు కూడా సిగ్గుపడే తీరులో క్రైస్తవ రాజ్యాలు చిన్న కారణానికీ కత్తి దూస్తున్నాయని, ఒకసారి కత్తి దూశాక ఏ చట్టమూ లేనట్టే ప్రవర్తిస్తున్నాయని అతని ఆవేదన. యుద్ధంలో కూడా చట్టం ఉంటుందన్నది ఆ గ్రంథం ప్రాణం. ఆ యుద్ధం 1648లో వెస్ట్‌ఫాలియా సంధులతో ముగిసింది. ఏ రాజ్యం ఇంటి విషయం ఆ రాజ్యానిదే అన్న సార్వభౌమత్వ సూత్రానికి అదే పుట్టినరోజని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అంత తేలిగ్గా ఒక్క తేదీన పుట్టలేదని ఇప్పటి చరిత్రకారులు అంటున్నారు, నాకు వాళ్ళ మాటే సబబనిపిస్తుంది. అంతర్జాతీయ అనే మాటకు మూలమైన ఇంగ్లీషు పదాన్ని జెరెమీ బెంథామ్ తయారుచేసింది ఇంకా తర్వాత, 1780ల్లో.

సముద్రం ఎవరిదీ కాదంటే ఒడ్డున ఉన్నవాడి రక్షణ ఎలా అన్న ప్రశ్న మిగిలింది. డచ్చి న్యాయవేత్త బింకర్షూక్ 1702లో దానికి ఒక జవాబిచ్చాడు: ఒడ్డు మీది ఫిరంగి గుండు ఎంతదూరం పోతుందో అంతవరకు నీళ్ళు తీరంలోని రాజువి. ఆ శతాబ్దం చివరికి దాన్ని మూడు మైళ్ళుగా లెక్కగట్టారు. రెండు వందల ఏళ్ళు ఆ మూడు మైళ్ళే లోకాన్ని నడిపించాయి.

ఈ చరిత్రలో చీకటి భాగం ఉంది, దాన్ని దాటవేసి రాయడం తప్పు. తూర్పు రాజులు స్వతంత్రులని పుస్తకంలో ఒప్పుకున్న యూరప్, పందొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి ఆ మాట మింగేసింది. అంతర్జాతీయ న్యాయం నాగరిక దేశాలకే వర్తిస్తుందని, ఎవరు నాగరికులో తామే చెబుతామని తీర్మానించుకుంది. దాంతో ఆఫ్రికా, ఆసియాల్లో చేసిన ఆక్రమణలన్నిటికీ చట్టం ముసుగు దొరికింది. అంతర్జాతీయ న్యాయస్థానపు శాసనంలో 38వ అధికరణం చూడండి, నాగరిక దేశాలు అన్న మాట ఇప్పటికీ అందులో కూర్చుని ఉంది. 1945 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి ఛార్టర్ మీద భారత్ తరఫున రామస్వామి మొదలియార్ సంతకం పెట్టారు. అప్పటికి మనకు స్వాతంత్ర్యమే లేదు. అప్పుడు సంతకాలు చేసిన దేశాలు యాభై, ఏడాది తిరక్కుండా పోలండ్‌తో యాభై ఒకటి అయ్యాయి. ఇవాళ సభ్యదేశాలు 193. ఆ పెరిగిన సంఖ్యలో అధికభాగం ఒకప్పుడు నాగరికుల జాబితాలో చోటు దక్కని జనాలదే.

పేర్లు, తేదీలు ఇలా చెప్పుకుంటూ పోతే ఈ చట్టం రాజధానుల్లో పుట్టినట్టు కనిపిస్తుంది. ఆచారం అనే దాన్ని దగ్గర్నుంచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ రెండు చేపల పడవలది.

1898 ఏప్రిల్. అమెరికాకు, స్పెయిన్‌కు యుద్ధం వచ్చింది. క్యూబా అప్పుడు స్పెయిన్ కింద ఉండేది. హవానా నుంచి వేటకెళ్ళిన పాకెటే హవానా అనే తెరచాప పడవ, బతికున్న చేపలతో ఇంటికి తిరిగొస్తోంది. అందులో ఉన్నది ముగ్గురు మనుషులు. ఆయుధం లేదు. యుద్ధం మొదలైన సంగతే వాళ్ళకు తెలియదు. అమెరికా నౌక అడ్డగించి పట్టుకుంది. ఆరుగురున్న లోలా అనే ఇంకో పడవదీ అదే గతి. శత్రుదేశపు ఆస్తి అని రెండింటినీ ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో వేలం వేశారు. మొదటిది 490 డాలర్లకు, రెండోది 800 డాలర్లకు పోయాయి. పడవల యజమానులు కోర్టుకెక్కారు. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

చేపల పడవలను పట్టుకోకూడదని అమెరికా ఎక్కడా సంతకం చెయ్యలేదు. అమెరికా కాంగ్రెస్ చట్టమూ చెయ్యలేదు. అయినా జస్టిస్ హొరేస్ గ్రే దుమ్ముపట్టిన పాత కాగితాలన్నీ తిరగేశాడు. 1403లో ఇంగ్లండ్ రాజు నాలుగో హెన్రీ తన నౌకాధిపతులకు ఇచ్చిన ఉత్తర్వుల దగ్గర మొదలుపెట్టాడు. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్నా రెండు వైపుల జాలర్ల జోలికీ పోవద్దన్న ఏర్పాటు అది. అక్కణ్ణుంచి ఫ్రాన్సు, హాలండ్, ప్రష్యా, జపాన్... ఐదు వందల ఏళ్ళ ఆనవాయితీని వరసగా పేర్చి చూపించాడు. మొదట్లో అది దయ. తర్వాత అలవాటు. చివరికి, ఇలా చెయ్యక తప్పదు అని దేశాలు తమకు తామే అనుకున్న రోజున అది చట్టమైంది. 1900 జనవరి 8న తీర్పొచ్చింది: పడవలను పట్టుకోవడం చెల్లదు, అమ్మిన డబ్బు, నష్టపరిహారం యజమానులకు ఇవ్వాలి. అమెరికా యుద్ధం గెలిచింది, ముగ్గురు జాలర్ల పడవ ముందు మాత్రం ఓడిపోయింది. ఓడించింది సొంత కోర్టే.

ఆచారానికి కావలసిన రెండు దినుసులూ ఈ తీర్పులో ఉన్నాయి. దేశాలు నిలకడగా అలా నడుచుకోవాలి. మర్యాద కోసం కాకుండా, అలా నడుచుకోవడం తమ విధి అన్న నమ్మకంతో నడుచుకోవాలి. ఒడంబడికలు, ఆచారం, ఆ తర్వాత అన్ని దేశాల చట్టాల్లోనూ ఉండే సామాన్య సూత్రాలు: హేగ్ న్యాయమూర్తులు చట్టం కోసం వెతికే చోట్లు ముఖ్యంగా ఈ మూడే. పాత తీర్పులు, పండితుల రాతలు దారి చూపడానికి పనికొస్తాయి.

దేశాలన్నీ సమానం, ఒకదాని మీద ఇంకొకటి తీర్పు చెప్పకూడదన్నది ఇంకో పెద్ద సూత్రం. ఇది ఎంత మొండిదో హైదరాబాద్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరుగుతున్న రోజుల్లో, నిజాం ఆర్థికమంత్రి లండన్ బ్యాంకులోని పది లక్షల పౌండ్ల చిల్లరను పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మార్చాడు. నిజాం తన డబ్బు తిరిగి ఇప్పించమని లండన్ కోర్టుకెళ్ళాడు. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చేతులెత్తేసింది. డబ్బు ఎవరిదన్న ప్రశ్న జోలికే పోలేదు. పాకిస్తాన్ స్వతంత్ర దేశం, దాన్ని దాని ఇష్టం లేకుండా మా కోర్టులోకి లాగలేం అంది. డబ్బు బ్యాంకులోనే మూలిగింది. 2013లో పాకిస్తాన్ తానే కోర్టుకెక్కేసరికి ఆ కవచం ఊడింది. 2019 అక్టోబరు 2న తీర్పు భారత్‌కూ నిజాం వారసులకూ అనుకూలంగా వచ్చింది. అప్పటికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. ఒక సూత్రం డెబ్భై ఏళ్ళు తలుపుకు తాళం వేసి ఉంచగలదు.

కత్తి దూయడం తప్పని చెప్పడానికి మానవజాతికి అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది. 1859లో సోల్ఫెరినో యుద్ధభూమిలో దిక్కులేక పడి ఉన్న క్షతగాత్రులను చూసి చలించిన హెన్రీ డ్యునాంట్ వల్ల 1864లో మొదటి జెనీవా ఒప్పందం వచ్చింది. అది యుద్ధాన్ని ఆపలేదు, గాయపడ్డవాణ్ణి కాపాడమంది. యుద్ధమే తప్పని 1928లో పారిస్‌లో దేశాలు రాసుకున్నాయి. పదకొండేళ్ళకే రెండో ప్రపంచయుద్ధం. 1945 ఛార్టర్ రెండో అధికరణంలో బలప్రయోగాన్ని, బలప్రయోగం చేస్తామన్న బెదిరింపును కూడా నిషేధించారు. సాయుధదాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ, భద్రతామండలి అనుమతి, ఈ రెండే మినహాయింపులు. కొన్ని నియమాలను ఏ ఒప్పందంతోనూ కొట్టేయలేమని 1969 వియన్నా ఒప్పందం ఒప్పుకుంది. బానిసత్వం, జాతిసంహారం లాంటివాటికి రెండు దేశాలు కలిసి సంతకాలు పెట్టుకున్నా ఆ కాగితం చెల్లదు.

అయితే పోలీసు ఎవరు? ఈ ప్రశ్న న్యాయమైనదే. నికరాగువా మీద అమెరికా చేసిన పనులు చట్టవిరుద్ధమని 1986లో హేగ్ కోర్టు చెప్తే అమెరికా లెక్కచెయ్యలేదు, భద్రతామండలిలో వీటో వేసింది. ఉక్రెయిన్‌లో సైనిక చర్య ఆపమని 2022 మార్చిలో అదే కోర్టు ఆదేశిస్తే రష్యా ఆపలేదు. చట్టాన్ని ధిక్కరించే బలం ఉన్నవాళ్ళకే వీటో కూడా ఉండటం ఈ కట్టడంలో పెద్ద పగులు. దాన్ని ఏ మాటతోనూ పూడ్చలేం.

అదే సమయంలో మన బంగాళాఖాతంలో ఏం జరిగిందో కూడా చూడాలి. భారత్, బంగ్లాదేశ్ సముద్రపు సరిహద్దు కోసం దశాబ్దాలు మాట్లాడుకుని విసిగిపోయాయి. 2014 జూలై 7న మధ్యవర్తుల ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. తగవులో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి. ఆ ట్రిబ్యునల్‌లో ఉన్న మన తెలుగు న్యాయవేత్త పెమ్మరాజు శ్రీనివాసరావు కొన్ని అంశాల్లో తీర్పుతో విభేదించారు. అయినా పెద్ద దేశమైన భారత్ తీర్పును తలదాల్చింది. ఒక్క తుపాకీ పేలలేదు. ఇలాంటివి పత్రికల్లో ఒక్కరోజు వార్తలు. రోజూ సరిహద్దులు దాటే విమానాలు, ఉత్తరాలు, ఓడలు అన్నీ ఇలాంటి మాటల మీదే నడుస్తున్నాయి. నడుస్తున్నవి వార్త కావు కాబట్టి విరిగినవే మనకు కనిపిస్తాయి.

మూడు మైళ్ళ కాలం 1982 డిసెంబరు 10న ముగిసింది. ఆరోజు జమైకాలోని మాంటెగో బేలో సముద్ర న్యాయ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు ప్రాదేశిక జలాలు. 200 మైళ్ళ వరకు ప్రత్యేక ఆర్థిక మండలం, అక్కడి చేప మీద హక్కు తీరదేశానిది. సముద్రంలో చేప తరగదన్న గ్రోషియస్ నమ్మకం తప్పని మరబోట్లు నిరూపించాక వచ్చిన మార్పు ఇది. అయితే ఆ ఒప్పందంలోనే 73వ అధికరణం ఉంది. ఆర్థిక మండలంలో అక్రమంగా చేపలు పట్టాడని పట్టుకున్న పడవను, మనుషులను తగిన హామీ తీసుకుని త్వరగా వదిలెయ్యాలి. దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలుశిక్ష వెయ్యకూడదు. ఈ ఒప్పందం మీద వచ్చే తగవుల కోసం హాంబర్గ్‌లో ఒక ట్రిబ్యునల్ కూడా ఉంది. 1999 నుంచి 2002 దాకా దానికి అధ్యక్షుడు మన తెలుగువారే, పెమ్మరాజు చంద్రశేఖరరావు. 2000 ఫిబ్రవరిలో, ఫ్రాన్స్ పట్టుకున్న కమూకో అనే చేపల ఓడను హామీ మీద విడిచిపెట్టమని ఆ ట్రిబ్యునల్ ఆదేశించింది.

ఆ నియమం శ్రీకాకుళం జాలరికి ఎంతవరకు దక్కింది? సొంత తీరంలో సరైన జెట్టీలు లేక, వేట గిట్టక మనవాళ్ళు ఏటా వందల మైళ్ళు పోయి గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్లెక్కుతారు. 2018 చివరలో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. సముద్రం మీద గీత కనపడదు. పైగా గుజరాత్ తీరంలోని సర్ క్రీక్ దగ్గర ఆ గీత ఎక్కడో రెండు దేశాలకూ ఇంకా తెగలేదు. గాలి తోసినా, చేప లాగినా, జీపీఎస్ తప్పినా బోటు అవతల తేలుతుంది. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర ఇరవై మంది ఈ గడ్డ మీద అడుగుపెట్టారు. భారత్ కూడా పాకిస్తాన్ జాలర్లను ఇలాగే పట్టుకుని జైళ్ళలో పెడుతోంది. రెండు దేశాలూ సముద్ర న్యాయ ఒప్పందాన్ని ఆమోదించినవే. ప్రాదేశిక జలాల్లోకి వచ్చారనో, విదేశీయుల చట్టం కిందనో కేసులు పెట్టి 73వ అధికరణం పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి. తోకకు నిప్పు పెట్టడం అంటే ఇదే.

ఒక మాట మాత్రం రెండు దేశాలూ నిలబెట్టుకుంటున్నాయి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశం ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 మే నెలలో రెండు దేశాల మధ్య క్షిపణులు ఎగిరాయి. అయినా ఆ జూలై 1న జాబితాలు చేతులు మారాయి. పాకిస్తాన్ ఇచ్చిన దాంట్లో భారతీయులు గానీ, భారతీయులని భావిస్తున్నవాళ్ళు గానీ అయిన 193 మంది జాలర్ల పేర్లున్నాయి. ఆరు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్, ఫ్రాన్సు యుద్ధం మధ్యలో కూడా జాలర్లను వదిలేశాయి. మన రెండు ప్రభుత్వాలూ అంతకన్నా కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు. పట్టుకున్నవాణ్ణి పడవతో సహా, వలతో సహా తిప్పి పంపండి.